అదృష్టం కోసం ఎదురుచూడటమా, ఎదురెళ్ళడమా? ఉద్యోగ జీవితంలో తెగింపుపై చర్చ

నిలకడ:

సభ్యులకు నమస్కారం. చాలా ఏళ్ళుగా ఒకే సంస్థలో, ఒకే విభాగంలో లెక్కల పరిశీలన పని చేస్తున్నాను. నా పనికి వంక పెట్టేవారు లేరు, అలాగని నన్ను గుర్తుపెట్టుకుని పిలిచేవారూ లేరు. ఇప్పుడు మా సంస్థ కొత్తగా ప్రారంభించబోయే ఒక చిన్న విభాగంలోకి రమ్మని అడిగారు. ఆ విభాగం నిలదొక్కుకుంటే హోదా పెరుగుతుంది, నిలదొక్కుకోకపోతే నా పాత కుర్చీలో అప్పటికే మరొకరు కూర్చుని ఉంటారు. ఈ సంగతి ఎవరితో చెప్పినా "అదృష్టం దానంతటది రాదు, మనమే తెచ్చుకోవాలి, ధైర్యం చెయ్యి" అంటున్నారు. వినడానికి బాగానే ఉంది గాని, అదృష్టాన్ని తెచ్చుకోవడం అంటే ఆచరణలో ఏం చేయడమో ఎవరూ విడమరచి చెప్పడం లేదు. ఉపన్యాసాల మాట అటుంచి, ఈ విషయాన్ని ఎవరైనా నిజంగా పరిశీలించి తేల్చినది ఉంటే తెలుసుకోవాలని ఉంది.

పాతకాపు:

నిలకడ గారూ, అదృష్టం ఏ దారిన వస్తుందో చూస్తే దాన్ని ఎలా పిలవాలో కొంత తెలుస్తుంది. ఉద్యోగాల విషయంలో అది చాలాసార్లు మనుషుల ద్వారానే వస్తుంది, అదీ మనం అనుకునే మనుషుల ద్వారా కాదు. మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త అమెరికాలోని బోస్టన్ శివారులో, కొత్తగా ఉద్యోగం మారినవారిని కలిసి, ఆ ఉద్యోగం గురించి మీకు చెప్పిన మనిషిని మీరు ఎంత తరచుగా కలిసేవారు అని అడిగాడు. పరిచయస్తుల ద్వారా ఉద్యోగం దొరికినవారిలో, తరచుగా కలిసే మనిషి వల్ల దొరికిందన్నవారు 16.7 శాతమే. అప్పుడప్పుడూ కలిసేవారి వల్ల దొరికిందన్నవారు 55.6 శాతం, ఎప్పుడో గాని కలవనివారి వల్ల దొరికిందన్నవారు 27.8 శాతం. 1973లో ఆయన ప్రచురించిన వ్యాసంలోని ఈ లెక్కలను సమాజ శాస్త్ర విద్యార్థులు ఇప్పటికీ చదువుకుంటున్నారు.

కారణం ఆలోచిస్తే తేలికగానే తెలుస్తుంది. మీ పక్క బల్ల మీద కూర్చునే మిత్రుడికి తెలిసినవన్నీ దాదాపుగా మీకూ తెలుసు. ఎప్పుడో పాత ఉద్యోగంలో పరిచయమై ఇప్పుడు వేరే రంగంలో ఉన్న మనిషికి మాత్రం మీ చెవిన పడే అవకాశమే లేని కబుర్లు తెలుసు. 2022లో ఉద్యోగ పరిచయాల వెబ్‌సైటు లింక్డ్‌ఇన్‌లో 2 కోట్ల మందికి పైగా సభ్యులపై జరిగిన ప్రయోగాల ఫలితాలు వెలువడినప్పుడు కూడా ఇదే ధోరణి కనిపించింది, ఒక చిన్న సవరణతో: మరీ పలచని పరిచయాల కంటే ఓ మాదిరి పలచని పరిచయాలు ఎక్కువగా అక్కరకు వచ్చాయి. కాబట్టి కొత్త విభాగానికి వెళ్ళడం వల్ల మీకు వచ్చే మొదటి లాభం హోదా కాకపోవచ్చు, ఇప్పటిదాకా మీ పేరు వినని కొందరికి మీరు ఏం చేయగలరో తెలియడం కావచ్చు.

సందేహి:

పాతకాపు గారి లెక్కలతో నాకు పేచీ లేదు. అయితే "తెగించినవాడికే అదృష్టం" అనే మాట వెనుక ఉన్న పొరపాటును ఎవరో ఒకరు చెప్పాలి గనుక చెబుతున్నాను. తెగించి గెలిచినవారు వేదికలెక్కి మాట్లాడతారు, తెగించి మునిగినవారిని ఎవరూ పిలవరు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో గణాంకవేత్త అబ్రహాం వాల్డ్ ముందుకు వచ్చిన సమస్య ఇలాంటిదే. తిరిగివచ్చిన యుద్ధ విమానాల మీద తూటా దెబ్బలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి అక్కడ కవచం మందం పెంచాలని అనిపించడం సహజం. కాని ఆ విమానాలు అన్ని దెబ్బలు తిని కూడా తిరిగివచ్చాయి. దెబ్బ ఎక్కడ తగిలితే విమానం తిరిగిరాదో, ఆ చోటును తిరిగిరాని విమానాలను లెక్కలోకి తీసుకుంటేనే ఊహించగలం. ఉద్యోగం మానేసి వ్యాపారం పెట్టి కోట్లు గడించినవారి జీవితాలు చదివి నిర్ణయాలు తీసుకునేవారు, తిరిగివచ్చిన విమానాలను మాత్రమే లెక్కపెడుతున్నారు.

ఇంకొకటి. 2006లో సాల్గనిక్, డాడ్స్, వాట్స్ అనే ముగ్గురు పరిశోధకులు ప్రచురించిన ప్రయోగంలో, ఎవరికీ అంతగా తెలియని 48 పాటలను 14,000 మందికి పైగా శ్రోతల ముందు పెట్టి, వారిలో కొందరిని వేర్వేరు గుంపులుగా విడదీశారు. ఒక గుంపులోనివారికి తమ గుంపులో ఇతరులు ఏ పాటలు డౌన్‌లోడ్ చేసుకున్నారో కనిపిస్తుంది గాని పక్క గుంపు సంగతి తెలియదు. ఒక గుంపులో తలకెత్తుకున్న పాట మరో గుంపులో ఎక్కడో అడుగున పడింది. చాలా మంచి పాటలు పూర్తిగా విఫలం కావడం అరుదు, చాలా చెడ్డవి గెలవడం అరుదు, మధ్యలో ఉన్నవాటికి మాత్రం ఏమైనా జరగవచ్చని తేలింది. మనలో అత్యధికులం ఆ మధ్యలోనివాళ్ళమే. అటువంటప్పుడు అదృష్టాన్ని సృష్టించుకుంటాం అనడం కొంచెం పెద్ద మాటే.

ఎర్రసిరా:

సందేహి గారూ, మీరు చెప్పిన పాటల ప్రయోగం మీ వాదనకు ఎంత బలమో, ఎదుటి వాదనకూ అంతే బలం. మధ్యరకం పాట ఏ గుంపులో గెలుస్తుందో ముందుగా చెప్పలేమంటే, దాన్ని ఒకే గుంపుకు వినిపించి ఊరుకోవడం కంటే ఎక్కువ గుంపులకు వినిపించడం మేలు కదా? ఫలితం మన చేతిలో లేనప్పుడు, ఎన్నిసార్లు ప్రయత్నిస్తామన్నదైనా మన చేతిలో ఉంటుంది. షరతు ఒక్కటే, ఒక్కొక్క ప్రయత్నానికీ చెల్లించే మూల్యం తట్టుకోగలిగినంత చిన్నదిగా ఉండాలి. ఒకే ప్రయత్నంలో ఉన్నదంతా ఒడ్డితే రెండో ప్రయత్నానికి మనిషే మిగలడు.

నా దృష్టిలో ఉద్యోగ జీవితంలో రిస్కు అనగానే రాజీనామా గుర్తుకు రావడమే మన చిక్కు. పరిచయం లేని నిపుణుడికి ఉత్తరం రాయడం రిస్కే. పై అధికారులు కూర్చున్న సమావేశంలో, అందరూ తలలూపుతున్న అంచనా తప్పని నోరు విప్పి చెప్పడం రిస్కే. అర్హతలన్నీ లేని ఉద్యోగానికి దరఖాస్తు పంపడం రిస్కే. వీటిలో పోయేది కాసేపటి చిన్నతనం మాత్రమే, వచ్చేదానికి మాత్రం పైన హద్దు లేదు. అయినా ఆ చిన్నతనానికే ఎక్కువ జంకుతాం. డానియల్ కానమన్, ఏమాస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, అంతే మొత్తంలో వచ్చే లాభం ఇచ్చే సంతోషం కంటే నష్టం కలిగించే బాధ మనసుకు ఎక్కువగా తగులుతుంది. 1992లో వారు కట్టిన అంచనాలో అది రెండింతలకు కొంచెం పైనే. ఉత్తరానికి జవాబు రాకపోవడమనే చిన్న బాధను మనం ఎంత పెద్దదిగా తూకం వేస్తామో దీన్నిబట్టి అర్థమవుతుంది.

మూడోబెంచీ:

అందరూ "తట్టుకోగలిగినంత" అంటున్నారు గనుక, అది మనిషి మనిషికీ ఎంత మారుతుందో చూపే ఒక ఉదంతం చెబుతాను. 1976 ఏప్రిల్ 1న ఆపిల్ సంస్థ భాగస్వామ్య పత్రం మీద సంతకం చేసినవారు ఇద్దరు కాదు, ముగ్గురు. మూడవ వ్యక్తి రోనాల్డ్ వేన్, ఆయన వాటా 10 శాతం. 12 రోజులకే ఆయన ఆ వాటాను 800 డాలర్లకు వదులుకున్నారు. ఈ కథను అందరూ నవ్వుకోవడానికి చెప్పుకుంటారు, నాకు మాత్రం అందులో నవ్వు కనిపించదు. అది పరిమిత బాధ్యత గల కంపెనీ కాదు, సాధారణ భాగస్వామ్యం. సంస్థ చేసిన అప్పుకు ప్రతి భాగస్వామీ తన సొంత ఆస్తితో జవాబుదారీ. మొదటి ఆర్డరు కోసం విడిభాగాలను అరువు మీద తెస్తున్నారు. మిగతా ఇద్దరు భాగస్వాములైన స్టీవ్ జాబ్స్, స్టీవ్ వోజ్నియాక్‌ల దగ్గర జప్తు చేసుకోవడానికి చెప్పుకోదగ్గదేమీ లేదు, వేన్‌కు ఇల్లూ పొదుపూ ఉన్నాయి. పైగా అంతకుముందు ఆయన పెట్టిన ఒక వ్యాపారం దెబ్బతిని, ఆ బాకీలను సొంతంగా తీర్చుకున్న అనుభవం ఉంది. అంటే పత్రం ఒక్కటే అయినా, అందులో ఇద్దరు ఒడ్డినది దాదాపు శూన్యం, ఒకరు ఒడ్డినది ఇల్లు.

అదే కథలో వోజ్నియాక్ తీరు ఇంకా ఆసక్తికరం. ఆయన అప్పుడు హ్యూలెట్ ప్యాకర్డ్ అనే ఎలక్ట్రానిక్స్ కంపెనీలో ఉద్యోగి. తన కంప్యూటర్ నమూనాను మొదట యజమానులకే చూపించారు, వారు వద్దన్నారు. సంస్థ మొదలయ్యాక కూడా ఆయన వెంటనే ఉద్యోగం వదలలేదు. ఈ పద్ధతి పిరికితనం కాదని చెప్పే పరిశోధన కూడా ఉంది. రాఫీ, ఫెంగ్ అనే ఇద్దరు 2014లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఉద్యోగం చేసుకుంటూనే వ్యాపారం మొదలుపెట్టి ఆ తరువాత పూర్తిగా దిగినవారికి, మొదటే ఉద్యోగం మానేసి దిగినవారి కంటే విఫలమయ్యే అవకాశం మూడో వంతు తక్కువ.

సందేహి:

వేన్ సంగతి బాగా చెప్పారు. ఇక్కడ నేను మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను.

వేకువ:

ఇంతవరకు చదివాక ఒక అనుభవం రాయాలనిపించింది. మా ఇంట్లో నా జీతం ఒక్కటే ఆధారంగా ఉన్న రోజుల్లో "తెగించు" అనేవారిని చూస్తే నాకు ఒళ్ళు మండేది, ఎందుకంటే ఆ మాట అనేవారిలో చాలామందికి కింద పడితే పట్టుకునే చేతులు ఉన్నాయి. నాకు లేవు. అందుకని ఉద్యోగాన్ని కదపకుండా, ఉద్యోగం లోపలే ఏం ఒడ్డవచ్చో వెతుక్కున్నాను.

మా కార్యాలయంలో పాత రికార్డులను కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించే పని ఒకటి వచ్చింది. ఎవరూ ముట్టుకోలేదు. చేస్తే పేరు రాదు, చెడితే మాత్రం నింద ఖాయం. నేను చేస్తానన్నాను. చాలా విసుగు పని. ఒకే ఖాతాదారు పేరు మూడు రకాల స్పెల్లింగుతో మూడు చోట్ల ఉండేది, ఒక చోట తేదీ నెలతో మొదలైతే మరో చోట రోజుతో మొదలయ్యేది, ఆ తేడా పట్టుకోకపోతే బాకీ గడువులన్నీ తారుమారవుతాయి. ఏ తప్పును ఎలా సరిచేశానో ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటూ పోయాను, దాని వల్ల ఏదో ఒరుగుతుందని కాదు, మరచిపోతానని. తరువాత వేరే శాఖవారు అదే పని మొదలుపెట్టినప్పుడు, ఆ నోట్‌బుక్ సంగతి ఎవరో చెప్పగా నన్ను పిలిచారు. అక్కడికి వెళ్ళాకే, అలాంటి పని మాత్రమే చేసే ఉద్యోగాలు ఉంటాయని నాకు తెలిసింది. ఇప్పుడు నేను చేస్తున్న ఉద్యోగం అదే.

ఇందులో అదృష్టం లేదని అనను. ఆ రెండో శాఖ అదే పని మొదలుపెట్టకపోయి ఉంటే ఆ నోట్‌బుక్ ఏ అలమారాలోనో ఉండిపోయేది. అయితే ఒడ్డినదేమిటంటే కొన్ని సాయంత్రాలూ, కొంత మాట పడే అవకాశమూ. జీతాన్ని ఒడ్డలేదు.

నిర్వాహకులు:

చర్చ చక్కగా సాగుతోంది. వ్యాపారం పెట్టడం గురించి ఇప్పటికే వేరే చర్చ ఉన్నందున, ఇక్కడ ఉద్యోగ జీవితానికి పరిమితం కావలసిందిగా మనవి.

నిలకడ:

అందరికీ ధన్యవాదాలు. వేకువ గారి అనుభవం నన్ను చాలాసేపు ఆలోచనలో పడేసింది. మరికొన్ని వివరాలు చెబుతాను. కొత్త విభాగంలో జీతం ఇప్పటిదే, తగ్గదు. ఇంటి అప్పు వాయిదాలు నడుస్తున్నాయి. విభాగాధిపతి గట్టివారు, నలుగురిలో మంచి పేరున్నవారు. నా భయం ఒక్కటే: అది మూతపడితే నన్ను ఎక్కడ పెడతారో ఎవరూ చెప్పడం లేదు. మరోవైపు, కాదంటే ముందు ముందు బాధపడతానేమో అన్న ఆలోచన కూడా వదలడం లేదు. దీని గురించి ఎవరైనా పరిశీలించారా?

పాతకాపు:

పరిశీలించారు. గిలోవిచ్, మెడ్‌వెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1995లో వివరించినదాని సారాంశం ఇది: చేసిన పని బెడిసికొడితే అప్పటికప్పుడు కలిగే బాధ తీవ్రం, కాని జీవితం మొత్తాన్ని వెనక్కి తిరిగి చూసుకున్నప్పుడు చేయకుండా వదిలేసిన పనుల గురించే మనుషులు ఎక్కువగా బాధపడతారు. చేసిన తప్పును దిద్దుకోవడానికి ఏదో ఒకటి చేస్తాం, దానికి ఏదో ఒక సమాధానం చెప్పుకుంటాం. చేయని పనికి అటువంటి ముగింపు ఉండదు గనుక అది మనసులో నలుగుతూనే ఉంటుంది.

ఇంకా విచిత్రమైన ప్రయోగం ఆర్థికవేత్త స్టీవెన్ లెవిట్‌ది. ఎటూ తేల్చుకోలేక సతమతమవుతున్నవారిని ఒక వెబ్‌సైటుకు రప్పించి, కంప్యూటర్ చేత నాణెం ఎగరవేయించారు. బొమ్మ పడితే మార్పు చేసుకోమని, బొరుసు పడితే ఉన్నచోటే ఉండమని సూచన. 20,000కు పైగా నాణేలు అలా ఎగిరాయి. ఉద్యోగం మానడం వంటి పెద్ద నిర్ణయాలలో, నాణెం మాట విని మార్పు చేసుకున్నవారు ఆరు నెలల తరువాత, ఉన్నచోటే ఉన్నవారి కంటే సంతోషంగా ఉన్నామని చెప్పారు.

సందేహి:

ఆ ప్రయోగాన్ని కొంచెం జాగ్రత్తగా చదవాలి. నాణెం ఎగరవేయడానికి వచ్చినవారంతా అప్పటికే మనసు సగం అటు మొగ్గినవారు, లేకపోతే అక్కడికి వచ్చేవారే కారు. తరువాత మీ సంతోషం ఎలా ఉందని అడిగితే జవాబిచ్చినవారూ కొందరే. కాబట్టి "మార్పు ఎప్పుడూ మంచిదే" అని దాని నుంచి తీయకూడదు. రెండు పళ్ళాలూ సమంగా ఉన్నాయని మీకు నిజంగా అనిపిస్తున్నప్పుడు, అలవాటు మీ చేత ఉన్నచోటి వైపు కాస్త ఎక్కువ తూకం వేయిస్తోందేమోనని అనుమానించడానికి మాత్రం అది పనికివస్తుంది. నిలకడ గారి పరిస్థితి నాకు సరిగ్గా అలాగే కనిపిస్తోంది, జీతం తగ్గడం లేదు గనుక మరీను.

ఎర్రసిరా:

ఈ సందర్భంలో జాన్ క్రంబోల్ట్జ్ పేరు తలచుకోవాలి. స్టాన్‌ఫర్డ్‌లో వృత్తి మార్గదర్శకత్వం బోధించిన ఆయన, మరో ఇద్దరితో కలిసి 1999లో ఒక వ్యాసం రాశారు. అనుకోని సంఘటనలే చాలామంది వృత్తి జీవితాలను మలుపు తిప్పుతాయి గనుక, వాటిని తప్పించుకోవడం కాక వాడుకోవడం నేర్పాలన్నది అందులోని వాదన. అందుకు కావలసినవిగా కుతూహలం, పట్టుదల, సర్దుబాటు గుణం, ఆశాభావం, రిస్కు తీసుకోగలగడం అనే అయిదింటిని చెప్పారు. చూడండి, రిస్కు అందులో ఒకటి మాత్రమే, అదీ చివరన. మన చుట్టూ ఉన్న ఉపన్యాసకులు మొదటి నాలుగింటినీ వదిలేసి అయిదవదాన్నే పట్టుకుని ఊదరగొడుతున్నారు.

కుతూహలం సంగతి తేలికగా తీసుకోకూడదు. రిచర్డ్ వైజ్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తాము అదృష్టవంతులమని చెప్పుకునేవారికీ దురదృష్టవంతులమని చెప్పుకునేవారికీ ఒకే వార్తాపత్రిక ఇచ్చి, అందులో ఎన్ని ఛాయాచిత్రాలు ఉన్నాయో లెక్కపెట్టమన్నాడు. రెండో పుటలోనే సగం పుట నిండా పెద్ద అక్షరాలతో "లెక్కపెట్టడం ఆపండి, ఇందులో 43 ఛాయాచిత్రాలు ఉన్నాయి" అని అచ్చు వేయించాడు. మొదటి రకంవారిలో చాలామంది దాన్ని చూసి క్షణాల్లో జవాబు చెప్పారు. రెండో రకంవారు దాన్ని దాటిపోయి కడదాకా లెక్కపెడుతూ పోయారు. చెప్పిన పనికే కళ్ళు అంటిపెట్టుకుని ఉన్నవారికి, పక్కనే ఉన్నది కనిపించలేదు.

వేకువ:

పై మాటలు చదివినప్పుడు నాకు నా పాత సహోద్యోగులు కొందరు కళ్ళముందు మెదిలారు. అయితే ఎర్రసిరా గారూ, కష్టాల్లో ఉన్న మనిషి లెక్కపెట్టడం ఆపలేడు. లెక్క తప్పితే ఉద్యోగం పోతుందన్న భయం ఉన్నవాడికి పెద్ద అక్షరాలు కనిపించకపోవడం అతని గుణం కాకపోవచ్చు, పరిస్థితి కావచ్చు. ముందు కొద్దిగా పొదుపు చేసుకోవడం, కొన్ని నెలల ఖర్చు చేతిలో ఉంచుకోవడం వల్ల నాకు ధైర్యం రావడానికి ముందే చూపు వచ్చింది. ఆ తరువాతే తల పైకెత్తి చుట్టూ చూడగలిగాను.

ఎర్రసిరా:

ఒప్పుకుంటాను. ఆ కోణం నేను రాసినదానిలో లేదు.

మూడోబెంచీ:

నిలకడ గారూ, ఒక ఆచరణాత్మకమైన మాట. నిర్ణయం చెప్పేముందు మూడు సంగతులు అడగండి. ఆ విభాగానికి నిధులు ఎంతకాలానికి మంజూరయ్యాయి? అది మూతపడితే మిమ్మల్ని పాత హోదాతో వెనక్కి తీసుకుంటామని కాగితం మీద రాసిస్తారా? మీ కంటే ముందు ఎవరినైనా అడిగారా, అడిగితే వారు ఎందుకు వద్దన్నారు? మూడవ ప్రశ్న అడగడానికి మొహమాటంగా ఉంటుంది గాని, అసలు సమాచారం చాలాసార్లు దానికి వచ్చే జవాబులోనే ఉంటుంది.

నిలకడ:

అడిగాను. పాత హోదాతో వెనక్కి రావచ్చన్న మాటను ఈమెయిల్‌లో ఇవ్వడానికి సిబ్బంది విభాగంవారు ఒప్పుకున్నారు, ఇంత సులువుగా ఒప్పుకుంటారని అనుకోలేదు. నాకంటే ముందు ఇద్దరిని అడిగారట, ఒకరు వేరే ఊరికి బదిలీ కోరుకున్నందువల్ల, మరొకరు ఆరోగ్య కారణాల వల్ల రాలేదట. నిధుల సంగతి మాత్రం ఈ ఆర్థిక సంవత్సరం వరకే ఖాయం, ఆ పైన ఇంకా నిర్ణయం కాలేదని విభాగాధిపతి నేరుగానే చెప్పారు. వచ్చే వారం లోపల నా జవాబు కావాలన్నారు.

సందేహి:

నిధులు ఖాయం కాలేదని దాచకుండా చెప్పారంటే ఆయనతో పని చేయవచ్చు. ఈమెయిల్‌లో "పాత హోదా" అని మాత్రమే ఉంటే సరిపోదు, జీతమూ సీనియారిటీ కూడా యథాతథంగా ఉంటాయని, విభాగం మూతపడిన ఎన్ని రోజుల లోపల వెనక్కి తీసుకుంటారో కూడా రాయించుకోండి. అది చేతికి వచ్చాక సరేనని చెప్పండి. ఈలోగా ఆ విభాగంవారి వారపు సమావేశంలో ఒకసారి కూర్చోవచ్చా అని అడిగి చూడండి, కాదనరనే అనుకుంటున్నాను.